మెషీన్ సలహా ఇచ్చింది... మీరేమంటారు?

తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోటా ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు మన ఇళ్లలో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. పది కొట్టకముందే రెండు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్ రెడీ. బెంగళూరులో ఉన్న అన్నకు కూడా 'నువ్వూ ఒకసారి ట్రై చెయ్యి నాయనా' అని అమ్మ ఫోన్. ఓ అరగంట హడావుడి, ఆ తర్వాత అంతా మామూలే.

ఆ అరగంటను లెక్కలో పెట్టి చూడండి. నెలకు 43,200 నిమిషాలు. అందులో 30 నిమిషాలంటే 0.07 శాతం. క్లౌడ్ ఉద్యోగాల కోసం తయారవుతున్న తిరుపతి, చిత్తూరు విద్యార్థులు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి.

ఆ సైటు లోపల ఏ టెక్నాలజీ ఉందన్నది ఇక్కడ విషయం కాదు. అలాంటి తాకిడి ఉండే బుకింగ్ సర్వీస్ ఒకటి కుబర్నెటిస్ క్లస్టర్ మీద నడుస్తోందనుకోండి. అందులో ప్రతి కంటెయినర్‌కూ ఇంత సీపీయూ, ఇంత మెమరీ కావాలని ముందే 'రిక్వెస్ట్' రాస్తారు. కల్యాణమండపం బుక్ చేసుకున్నట్టే ఇది. ఐదొందల మందికని తీసుకున్నాక అరవై మందే వచ్చినా అద్దె మొత్తం కట్టాల్సిందే. ఎందుకొచ్చిన గొడవ అని డెవలపర్లు కాస్త ఎక్కువే రాసేస్తారు. ఖాళీగా ఉన్నా ఆ జాగా ఇంకొకరికి దక్కదు, నెలాఖరుకు బిల్లు మాత్రం వస్తుంది.

ఈ దుబారా పట్టుకోవడానికే ఆటోమేటిక్ సలహా టూల్స్ వచ్చాయి. కుబర్నెటిస్‌కు వర్టికల్ పాడ్ ఆటోస్కేలర్ ఉంది. సర్వర్ల విషయానికొస్తే అమెజాన్ కంప్యూట్ ఆప్టిమైజర్ ఉంది. 'మీరు 4 కోర్లు అడిగారు, ఒకటి చాలు' అని చెప్పేస్తాయి. దాంతో చాలామంది విద్యార్థులకు ఒక భయం పట్టుకుంది: అన్నీ మెషీనే చెబితే ఇక మనతో పనేంటి?

పని ఉంది. ఎందుకో చూడాలంటే ఆ సలహా ఎలా పుడుతుందో తెలియాలి. పాడ్ ఆటోస్కేలర్ మామూలు సెట్టింగుల్లో సుమారు 8 రోజుల చరిత్రే చూస్తుంది. సీపీయూ విషయంలో పాత లెక్కల విలువ 24 గంటలకోసారి సగానికి తగ్గిపోతుంది. సలహా అంకెను 90వ పర్సంటైల్ దగ్గర పట్టుకుని, పైన కొంత మార్జిన్ కలుపుతుంది. జేఈఈ రాసిన మీకు పర్సంటైల్ కొత్త కాదు కదా! నెలకోసారి వచ్చే ఆ 0.07 శాతం ఇందులో ఎక్కడ కనిపిస్తుంది? కంప్యూట్ ఆప్టిమైజర్ కూడా మామూలుగా 14 రోజులే వెనక్కి చూస్తుంది. జనవరిలో చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లి 'ఈ యంత్రాల్లో సగం అమ్మేయండి' అన్నట్టుంటుంది వ్యవహారం. జూన్‌లో తోతాపురి లారీలు గేటు ముందు నిలబడితే అప్పుడు తెలుస్తుంది.

ఆ సలహాను కళ్లు మూసుకుని అమలు చేశారనుకోండి. మెమరీ లిమిట్ కూడా తగ్గితే, అది దాటిన కంటెయినర్‌ను లినక్స్ చంపేస్తుంది. సీపీయూ లిమిట్ తగ్గితే చావదు గానీ నత్తలా నడుస్తుంది. ఏది జరిగినా సరిగ్గా పది గంటలకే జరుగుతుంది. లోడ్ వచ్చాక అదే పెరుగుతుందిలే అనుకోవద్దు. కొత్త సర్వర్ లేచి సిద్ధం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఆలోపు టికెట్లే అయిపోవచ్చు. తేదీ ముందే తెలుసు కాబట్టి ఆ ఉదయం తొమ్మిదిన్నరకే సర్వర్లు పెంచి, పదకొండున్నరకు తగ్గించేలా షెడ్యూల్ పెట్టడం తెలివైన పని. మిగతా రోజులకు మెషీన్ సలహానే పాటించొచ్చు.

అలాగని ప్రతి సలహాకూ అడ్డం చెప్పేవాళ్లుగా తయారుకావద్దు. రాత్రంతా ఎవరూ వాడని టెస్టింగ్ క్లస్టర్‌ను ఆపమంటే ఆపేయడమే. ఏది ఒప్పుకోవాలి, ఏది ఆపాలి, ఎందుకు ఆపాలి... ఆ మూడో ప్రశ్నకు జవాబు చెప్పగలవాళ్లకే జీతం ఇస్తారు. మన కాలేజీ ల్యాబుల్లో సర్వర్ ఎలా లేపాలో నేర్పుతారు గానీ, దాని బిల్లు ఎలా చదవాలో నేర్పడం అరుదు. ఇది మాత్రం విద్యార్థుల తప్పు కాదు.

కోచింగ్ ఫీజు కట్టకుండానే దీన్ని సాధన చేయొచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో మినీక్యూబ్ వేసుకోండి, అది ఉచితం. మెట్రిక్స్ సర్వర్, పాడ్ ఆటోస్కేలర్ పెట్టి అప్‌డేట్ మోడ్‌ను 'ఆఫ్'లో ఉంచండి. అప్పుడది సలహా చెబుతుంది తప్ప ఏదీ మార్చదు. చిన్న యాప్‌కు కావాలనే పెద్ద రిక్వెస్ట్ ఇచ్చి ఒకరోజు వదిలేసి, సలహా రాసుకోండి. తర్వాత పది నిమిషాలు గట్టిగా లోడ్ పంపి, ఆ సలహా నిలబడిందో లేదో చూడండి. ఒక తిరకాసు కూడా కనిపిస్తుంది: యాప్ ఎంత చిన్నదైనా మెమరీని 250 ఎంబీ కంటే తక్కువకు తగ్గించమని మామూలు సెట్టింగుల్లో అది చెప్పదు. టూల్‌లో పెట్టిన కనీస పరిమితి అది, మీ యాప్ అవసరం కాదు. ఇలాంటిది స్వయంగా పట్టుకుని ఇంటర్వ్యూలో రెండు నిమిషాలు వివరిస్తే, రెజ్యూమెలో నాలుగు సర్టిఫికెట్ల పేర్ల కంటే ఎక్కువ పనిచేస్తుంది.

నిజమైన క్లౌడ్‌లోనే చేస్తానంటారా? అమెజాన్‌లో కుబర్నెటిస్ క్లస్టర్ ఊరకే ఉన్నా గంటకు 10 సెంట్లు, అంటే నెలకు దాదాపు 73 డాలర్లు. సర్వర్ల ఖర్చు దీనికి అదనం. ముందు బిల్లింగ్ అలర్ట్ పెట్టుకుని ఆ తర్వాతే క్లస్టర్ మొదలుపెట్టండి, పడుకునే ముందు డిలీట్ చేశారో లేదో ఇంకోసారి చూసుకోండి.