శబ్దం కబుర్లు: ఒక్క తీగ... నాలుగు దారులు!

ఈ వారం ఉత్తరాల కట్టలో హీరోయిన్ల ఊసే లేని ఉత్తరం ఒకటి దొరికింది. ఆశ్చర్యంగా లేదూ? తెనాలి నుంచి ఓ డిగ్రీ కుర్రాడు రాశాడు.

"మాష్టారూ! మా నాన్నగారు 30 ఏళ్ళు సినిమా హాల్లో ఆపరేటరుగా చేశారు. ప్రొజెక్టర్ల రొదలో బతికిన మనిషి. ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. టి.వి.లో సినిమా వచ్చినప్పుడు ఆయనకి వినపడేటంత సౌండు పెడితే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. మాకు సరిపడా పెడితే ఆయన మాట్లాడకుండా లేచి అరుగు మీదకి వెళ్ళిపోతారు. హెడ్‌ఫోనూ, దానికి చిన్న డిజిటల్ కన్వర్టరూ కొన్నాను. తీరా చూస్తే సెట్‌టాప్ బాక్సుకి డిజిటల్ సాకెట్టు ఒక్కటే! అది నా ఆంప్లిఫయరుకిస్తే ఆయనకి లేదు, ఆయనకిస్తే మాకు లేదు. రెండుగా పంచే పెట్టె కోసం షాపులో అడిగితే నా నెల ఖర్చంత ధర చెప్పారు. ఏం చెయ్యమంటారు?"

జీవితమంతా ఊరికి సినిమా చూపించిన మనిషి ఇంట్లోవాళ్ళతో కలిసి ఒక్క సినిమా చూడలేకపోవడమా! ఉత్తరం పక్కన పెట్టబుద్ధి కాలేదు. సోల్డరింగ్ ఐరన్ సంచిలో వేసుకుని ఆదివారం నాడు తెనాలి రైలెక్కాను.

నేను వెళ్ళేసరికే మనవాడు ఒక ప్రయోగం చేసి ఉన్నాడు. మీలో నూటికి తొంభైమంది చేసేదే. తీగని మధ్యలో తెంపి, రెండు తీగలు కలిపి, వై ఆకారంలో మెలేసి టేపు చుట్టాడు. ఆంప్లిఫయరు పలికింది కాని మధ్య మధ్య టప్ టప్‌మని ఆగుతోంది. నాన్నగారి హెడ్‌ఫోను అసలు పలకలేదు. "మా ఫ్రెండు ఇంట్లో ఇలాగే చేస్తే బ్రహ్మాండంగా వచ్చింది మాష్టారూ!" అని వాడి గోల.

వచ్చి ఉంటుంది, కాదనను. కాని ఎందుకొచ్చిందో, ఇక్కడ ఎందుకు రాలేదో తెలియాలి కదా. పాత రోజుల్లో స్పీకరు తీగలో పరుగెత్తేది పాట తాలూకు కెరటం. రెండుగా చీలిస్తే కాస్త బలహీనపడేది, అంతే. ఇప్పుడు ఆ నారింజరంగు సాకెట్టులోంచి వచ్చేది పాట కాదు, అంకెలు. సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి వేసిన బాట ఇది. టి.వి. సౌండయితే సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కో నమూనాకి 64 బిట్లు. అంటే సెకనుకు 30,72,000 బిట్లు! ఇంత వేగంలో తీగ తీగలా ఉండదు, నీళ్ళ గొట్టంలా ఉంటుంది. గొట్టం సైజు ఒక్కలాగే ఉన్నంతసేపూ నీరు సాఫీగా పోతుంది. సైజు మారినచోట కొంత వెనక్కి ఎగదన్నుతుంది. ఇక్కడ ఆ సైజుకి ఇంపీడెన్స్ అని పేరు. పంపేవాడూ, తీగా, అందుకునేవాడూ ముగ్గురూ 75 ఓమ్‌లు ఉండాలని రూలు. వై జాయింటు దగ్గర ముందు రెండు తీగలు కనబడేసరికి అది 37.5 ఓమ్‌లయింది. లెక్క వేస్తే వచ్చిన వోల్టేజిలో సరిగ్గా మూడోవంతు తలకిందులై వెనక్కి తిరుగుతుంది.

తీగ మీటరు పొడవుంటే ఆ వెనక్కి తన్నింది ఎంత త్వరగా వచ్చి పోతుందంటే, అవతలివాడు గమనించడు. స్నేహితుడి ఇంట్లో జరిగింది అదే. మనవాడి ఇంట్లో నాన్నగారి పడక్కుర్చీ దాకా 10 మీటర్ల తీగ. పోయి రావడానికి సెకనులో కోటోవంతు పడుతుంది. బిట్టులో సగం ఉండే కాలం దానికి ఒకటిన్నర రెట్లే! ఇంకేముంది, ఒక అంకె మీద ఇంకో అంకె నీడ పడింది.

చవకలో చవక ఉపాయం ఒకటుంది. మూడు రెసిస్టర్లు, ఒక్కొక్కటి 24 ఓమ్‌లు. మూడింటి ఒక కొస కలిపి అతికించండి. మిగిలిన కొసల్లో ఒకటి రాకకి, రెండు పోకలకి. ఎటునుంచి చూసినా దాదాపు 75 ఓమ్‌లే కనబడతాయి, ఎగదన్నడం ఉండదు. కాని సిగ్నలు సగమవుతుంది. అర వోల్టు పావు వోల్టవుతుంది. అందుకునేవాడికి కనీసం 0.2 వోల్టు ఉండాలి కనుక గట్టెక్కుతుంది, కాని అంచున నడవడమే. దీన్ని మూడో మనిషికి కూడా పంచాలంటే కుదరదు. పొదుపు మంచిదే గాని, ఇంత పీనాసితనం నాకు నచ్చదు.

అందుకని కాస్త ఖర్చు పెట్టాం. 74 హెచ్.సి.యు. 04 అని ఒక ఐ.సి. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీలో గాని, మద్రాసు రిచీ స్ట్రీట్‌లో గాని అడగండి. కొట్టువాడు "ఎన్ని కావాలి?" అంటాడు తప్ప "ఎందుకు?" అనడు. మధ్యలో 'యు' అక్షరం మరచిపోకండి. అది లేనిదీ చాలాసార్లు పనిచేస్తుంది గాని, సిగ్నలు లేనప్పుడు తనలో తానే పూనకం వచ్చినట్టు ఊగిపోతుంది. ఒక్క ఐ.సి.లో ఆరు ఇన్వర్టర్లుంటాయి. ఇన్వర్టరంటే ఒకటిని సున్నాగా, సున్నాని ఒకటిగా మార్చేది.

"అయ్యో, మరి సౌండు తలకిందులైపోదూ?" అన్నాడు కుర్రాడు. మంచి ప్రశ్న! కాదు. ఈ పద్ధతిలో ఒకటీ సున్నా వోల్టేజి ఎక్కువ తక్కువలని బట్టి ఉండవు. ప్రతి బిట్టు మొదట్లో ఒక మార్పు ఉంటుంది. బిట్టు నడుమ ఇంకో మార్పు ఉంటే అది ఒకటి, లేకపోతే సున్నా. మొత్తం తిరగేసినా మార్పులు ఉన్నచోటే ఉంటాయి. ఎవడు కనిపెట్టాడో గాని, చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

ఇప్పుడు పని. ఇన్‌పుట్ సాకెట్టు దగ్గర 75 ఓమ్‌ల రెసిస్టరు ఒకటి భూమికి. అక్కడినుంచి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, అదే '104' అని రాసి ఉండే చిన్న బిళ్ళ, దాటి 1వ కాలికి. 1కీ 2కీ మధ్య లక్ష ఓమ్‌ల రెసిస్టరు. దీనితో మొదటి ఇన్వర్టరు సన్నటి సిగ్నలుని పెంచే ఆంప్లిఫయరవుతుంది. 2ని 3కి కలపండి. 4లో వచ్చేసరికి అంచులు పదునుగా, 5 వోల్టుల నిండు సిగ్నలు. ఆ 4ని 5, 9, 11, 13 కాళ్ళకి కలిపేస్తే 6, 8, 10, 12 కాళ్ళలో నాలుగు కాపీలు! ఒక్కోదానికీ మళ్ళీ ఒక '104' కెపాసిటరు, ఆ తర్వాత 330 ఓమ్‌లు వరసగా, సాకెట్టు దగ్గర భూమికి 91 ఓమ్‌లు. అదెందుకంటే 5 వోల్టుల్ని మళ్ళీ అర వోల్టుకి దించాలి, అవతలనుంచి చూస్తే 75 ఓమ్‌లు కనబడాలి. 330కి ఐ.సి. లోపలి నిరోధం కొంత కలుస్తుంది, అది లెక్కలోనే ఉంది. 14వ కాలికి 5 వోల్టులు, 7వ కాలికి భూమి, ఆ రెండింటికీ అడ్డంగా వీలైనంత దగ్గర్లో ఇంకో '104'. ఈ చివరిది మరచిపోయి నన్ను తిట్టుకోకండి.

కరెంటుకి పాత సెల్‌ఫోను చార్జరు చాలు, అదిచ్చేది 5 వోల్టులే. 230 వోల్టుల తీగని మాత్రం ఈ పెట్టెలోకి రానివ్వకండి బాబూ, నా మాట వినండి. ఇక తీగ సంగతి. ఖరీదైన బంగారుపూత తీగలని ఎవరైనా అమ్మజూపితే నవ్వి ఊరుకోండి. మన కేబుల్ టి.వి. అబ్బాయి గోడలెక్కి లాగే ఆ లావుపాటి తీగ ఉందే, అది పుట్టుకతోనే 75 ఓమ్‌లు! అతను పారేసిన ముక్క అడిగి తెచ్చుకున్నాం. పాత వి.సి.డి. ప్లేయరు పసుపుపచ్చ వీడియో తీగ కూడా పనికొస్తుంది. పెట్టె స్థానంలో వాళ్ళ అమ్మగారి పాత ప్లాస్టిక్ పోపుల డబ్బా! అన్నీ కలిపి 400 రూపాయలు దాటలేదు.

సాయంత్రం ఆరింటికి అన్నీ తగిలించి మీట నొక్కాం. ఆంప్లిఫయరు గలగలా పలికింది. నాన్నగారి హెడ్‌ఫోను... ఊహూఁ! కుర్రాడి మొహం చూడాలి మీరు. నేనూ కంగారుపడ్డాను, అబద్ధమెందుకూ. తీగలు మార్చి చూశాం, సాకెట్లు మార్చి చూశాం. పెట్టెలో తప్పేమీ లేదు. అరగంట తర్వాత తట్టింది. సెట్‌టాప్ బాక్సు 'డాల్బీ' మీద పెట్టి ఉంది! ఈ పెట్టె కాపీ తీస్తుందే గాని అనువాదం చెయ్యదు. డాల్బీ మూటని విప్పడం ఆంప్లిఫయరుకి తెలుసు. ఆ చిన్న కన్వర్టరుకి పి.సి.ఎం. భాష ఒక్కటే వచ్చు.

సెట్టింగు పి.సి.ఎం.కి మారిస్తే ఇద్దరికీ వస్తుంది. కాని ఆ తీగలో పి.సి.ఎం. అంటే రెండే చానళ్ళు. వెనక స్పీకర్లలోంచి 5.1 పోయినట్టే. ఏడాదిపాటు ట్యూషన్లు చెప్పి కొనుక్కున్న స్పీకర్లు అవి. కుర్రాడు వాటివంక ఒకసారి చూశాడు, అరుగు మీది వాలుకుర్చీ వంక ఒకసారి చూశాడు. ఏమీ అనకుండా రిమోటు తీసి పి.సి.ఎం. నొక్కాడు. డాల్బీ విప్పే కన్వర్టర్లు కూడా దొరుకుతాయని చెప్పాను. "మళ్ళీ ట్యూషన్ల డబ్బులొచ్చాక చూద్దాం మాష్టారూ" అన్నాడు.

"నాన్నా, లోపలికి రా!" అని పిలిస్తే పెద్దాయన అనుమానంగానే వచ్చి కూర్చున్నారు. హెడ్‌ఫోను తగిలించాం. వాల్యూం ఆయన చేతికే ఇచ్చాం. ఏదో పాత సినిమా. రెండు నిమిషాలు కదలకుండా చూశారు. మూడో నిమిషంలో చెయ్యెత్తారు.

"ఏమయ్యా, లిప్పు తప్పింది. సౌండు ముందొస్తోంది."

నాకు కనబడలేదు. కుర్రాడికీ కనబడలేదు. కాని ఆయన చెప్పింది నిజం! కొత్త టి.వి.లు బొమ్మకి మెరుగులు దిద్దడానికి కొంత సమయం తీసుకుంటాయి. మన సౌండేమో సెట్‌టాప్ బాక్సులోంచి తిన్నగా పరుగెత్తుకొచ్చింది. ఆపరేటరు కన్ను ఊరికే పోతుందా? 35 ఎం.ఎం. ఫిలిములో బొమ్మ ఒకచోట ఉంటే దాని సౌండు సుమారు 20 ఫ్రేముల ముందు అచ్చయి ఉంటుంది. లూపు ఎక్కించడంలో తేడా వస్తే పెదవి ఒకచోట, మాట ఒకచోట. రోజుకి నాలుగాటలు ఆ లూపులు ఎక్కించిన చేతులవి. "రెండు ఫ్రేములుంటుంది" అన్నారు కూడా!

ఆంప్లిఫయరులో సౌండుని ఆలస్యం చేసే సెట్టింగుంది గాని, ఆ చిన్న కన్వర్టరుకి లేదు. కాబట్టి టి.వి.నే తొందరపెట్టాం. పిక్చర్ మెనూలో 'గేమ్ మోడ్' అని ఉంటే అది పెట్టండి. మెరుగులు మానేసి బొమ్మని త్వరగా వదులుతుంది. పెద్దాయన మళ్ళీ చూశారు. తల అటూ ఇటూ ఊపారు.

"ఇంకా అర ఫ్రేము ఉంది. పర్లేదులే, నడిపించు" అన్నారు.

మధ్యలో వాళ్ళావిడ కాఫీ తెచ్చి పిలిస్తే వినిపించుకోలేదు. హెడ్‌ఫోను ఉంది కదా! నేను రైలు టైమయిందని లేస్తే కుర్రాడు స్టేషన్ దాకా వచ్చాడు గాని, ఆయన కుర్చీలోంచే చెయ్యి ఊపారు. క్లైమాక్సు నడుస్తోంది మరి.

పోపుల డబ్బాకి ఇంకా రెండు సాకెట్లు ఖాళీగా ఉన్నాయి. ఒకటి వాళ్ళ చెల్లెలు అప్పుడే రిజర్వు చేసుకుందిట.