దయ్యాల సీరియల్, దిబ్బల ఊరు: నవ్వుతూ నేర్చుకున్న ఆరు పాఠాలు



పొద్దున కోరమండల్ స్టేషన్‌లో బెంగళూరు వైపు రైలెక్కే మన పిల్లల్ని ఒకసారి చూడండి. సీటు దొరికినవాళ్లు నిద్రపోతారు, దొరకనివాళ్లు కడ్డీ పట్టుకుని ఫోన్‌లో సీరియల్ చూస్తారు. అలా మా కంటపడింది 'బఫీ ద వాంపైర్ స్లేయర్'. పాతదే. అమెరికాలో 1997 నుంచి 2003 వరకు 7 సీజన్లు, 144 ఎపిసోడ్లు నడిచింది. సన్నీడేల్ అనే ఊళ్లో హైస్కూలును సరిగ్గా నరకద్వారం మీద కట్టారు. పగలు పాఠాలు, రాత్రి పిశాచాలు. ఒక పదహారేళ్ల అమ్మాయి హోంవర్కు ఎగ్గొట్టి మరీ వాటి పని పడుతుంది.

"దయ్యాల సీరియల్ విశ్వాసులు చూడొచ్చా?" అని పెద్దలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కానీ అత్త పాలల్లో కోడలు విషం కలిపే సీరియల్ మాత్రం ప్రార్థన ముగించి మరీ చూస్తున్నాం కదా! మంచిచెడ్డలు పరీక్షించి మేలైనది ఉంచుకోవడమే అపొస్తలుడు నేర్పిన పద్ధతి. పైగా కాళ్ల కింద మూడు కిలోమీటర్ల లోతు సొరంగాలున్న ఊరు మనది. నేల కింద ఏదో ఉందన్న కథ మనకు కొత్త కాదు. అందుకే మేమూ చూశాం, నవ్వుకున్నాం, ఆరు పాఠాలు రాసుకున్నాం.

మొదటి పాఠం: తలుపు మన చేతిలోనే ఉంది. ఈ సీరియల్లో రక్తపిశాచి ఎంత బలమైనదైనా ఇంట్లోవాళ్లు లోపలికి పిలవందే గడప దాటలేదు. మరి మన ఇళ్లలోకి పిశాచాలెలా వస్తున్నాయి? అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్ వస్తుంది. ఫోన్‌లోని నంబర్లన్నీ చూడనిస్తావా, ఫొటోలు చూడనిస్తావా అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. మనం చూడకుండానే 'అలో' నొక్కుతాం. వాయిదా తప్పితే మన మేనత్తకు, అయ్యగారికి కూడా ఫోన్లు వెళ్తాయి. క్రికెట్ బెట్టింగూ అంతే, పిలిస్తేనే వస్తుంది. ప్రకటన గ్రంథంలో ప్రభువు కూడా తలుపు దగ్గర నిలబడి తడతాడు, తెరిస్తేనే వస్తాడు. తేడా ఏమిటంటే, ఆయన మనతో కలిసి భోంచేయడానికి వస్తాడు, తన రక్తం ఇచ్చి వచ్చాడు. రెండోవాడు మన రక్తం కోసం వస్తాడు. తలుపు తీసే ముందు ఎవరో చూసుకోండి.

రెండో పాఠం: ఎవరూ చూడకపోతే మనిషి మాయమైపోతుంది. 'అవుట్ ఆఫ్ మైండ్, అవుట్ ఆఫ్ సైట్' అనే ఎపిసోడ్‌లో మార్సీ అనే అమ్మాయిని బడిలో ఎవరూ పట్టించుకోరు. చెయ్యెత్తినా పంతులు చూడడు, మాట్లాడినా తోటివాళ్లు వినరు. చివరికి నిజంగానే కంటికి కనబడకుండా పోతుంది. ఆమె ఇయర్‌బుక్‌లో అందరూ రాసింది ఒకటే ముక్క, సెలవులు బాగా గడపమని. విలన్లే కాదు, బఫీ మంచి స్నేహితులు కూడా అదే రాశారు. ఇక్కడ మా నవ్వు ఆగిపోయింది. మన వాట్సాప్ గ్రూపులో కష్టం చెప్పుకున్నవాళ్లకు మనం పంపే చేతులు జోడించిన బొమ్మ అదే కదా! ఆదివారం గుడి తెరవకముందే వచ్చి ఊడ్చే అక్క పేరు మనలో ఎంతమందికి తెలుసు? ఎడారిలో హాగరు దేవుణ్ణి చూసే దేవుడని పిలిచింది. ఆ దేవుడి బిడ్డలమంటున్నాం. చూడడం మనకు రావాలి.

మూడో పాఠం: భయం అసలు సైజు కొలవండి. 'ఫియర్ ఇట్‌సెల్ఫ్' ఎపిసోడ్‌లో ఒక భయ పిశాచం ఇల్లంతా వణికిస్తుంది. పుస్తకంలో దాని బొమ్మ భయంకరంగా ఉంటుంది. తీరా ప్రత్యక్షమయ్యేసరికి అది బొమ్మంతే, చెప్పు కింద పట్టేంత. బొమ్మ కింద ఉన్న మాటలు తర్వాత చదివితే, 'అసలు సైజు' అని రాసి ఉంటుంది! మన తాలూకా ఆఫీసు భయం కూడా ఇలాంటిదే. ఇంటి పట్టా గురించో, పింఛను గురించో అడగాలంటే నెలల తరబడి గుండె దడ. 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి ఒక కాగితం రాస్తే, మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బొమ్మ కింద రాసింది ముందే చదువుకుందాం.

నాలుగో పాఠం: పేరు వదులుకోవద్దు. 'యాన్' ఎపిసోడ్ మన ఊరి కథ తెలియకుండానే మన ఊరి కథలా ఉంది. ఇల్లు వదిలి లాస్ ఏంజెలిస్ వీధుల్లో తిరిగే పిల్లల్ని ఒక ఆశ్రమంవాడు చేరదీస్తాడు. మాటలన్నీ ప్రేమగా ఉంటాయి. తీసుకెళ్లేది మాత్రం భూగర్భ కర్మాగారానికి. అక్కడ వందేళ్లు గడిస్తే పైన ఒక్కరోజు. యవ్వనమంతా పిండుకుని, ముసలివాళ్లయ్యాక వీధిలోకి విసిరేస్తారు. ఒక కుర్రవాణ్ణి చేతి పచ్చబొట్టు చూసి గుర్తుపట్టాల్సి వస్తుంది. కింద నీవెవరని అడిగితే, ఎవరినీ కానని చెప్పాలి. బఫీ మాత్రం ముఖం మీదే తన పేరు చెబుతుంది. తిరుగుబాటు అక్కడ మొదలవుతుంది.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ ఇక్కడ తవ్వకాలు చేపట్టింది. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల నుంచి మన తాతముత్తాతలు వచ్చారు, ఎక్కువమంది దళితులు. 1902లో శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. మన లైన్ల ఇళ్లలో మాత్రం దీపపు బుడ్లే. మొత్తం 800 టన్నులకు పైగా బంగారం తీశారన్న లెక్క మనకు కంఠతా వచ్చు. రాతిధూళికి ఊపిరితిత్తులు పాడై దగ్గి దగ్గి పోయినవాళ్ల పేర్లు ఎన్ని వచ్చు? యోబు గ్రంథం 28వ అధ్యాయం గనిలో వేలాడే కూలీ గురించి మాట్లాడుతుంది. బంగారం దొరికే చోటు మనిషికి తెలుసు, జ్ఞానం దొరికే చోటే తెలియదని బాధపడుతుంది. మన తాతల్ని చూసి రాసినట్టుంది.

అయిదో పాఠం: కొన్నిచోట్ల ఓదార్పు మాటలు పనికిరావు. 'ద బాడీ' ఎపిసోడ్‌లో బఫీ తల్లి చనిపోతుంది. పిశాచం చంపలేదు, జబ్బుతో పోయింది. పొడవడానికి శత్రువు లేడు. నేపథ్య సంగీతం కూడా లేదు. స్నేహితులు వచ్చి ఏం చెప్పాలో తెలియక కూర్చుంటారు. అది ప్రసారమైంది 2001 ఫిబ్రవరి 27 రాత్రి. అక్కడ రాత్రంటే మనకు 28 తెల్లవారుజాము. ఆ 28నే మన గనులు మూతబడ్డాయి. ఇక్కడా పొడవడానికి శత్రువు దొరకలేదు. ఫైలుకు గుండె ఉండదు కదా! ఆ రోజుల్లో దేవుడు ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుస్తాడని చెప్పినవాళ్లు చాలామంది. పక్కన కూర్చున్నవాళ్లు కొద్దిమంది. యోబు స్నేహితులు చేసిన మంచి పని మొదటి ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చోవడమే. చెడగొట్టింది నోరు తెరిచాకే.

ఆరో పాఠం: ఒక్క హీరో చాలడు. మన ఊరి పేరు చెబితే బయటివాళ్లు 2018లో వచ్చిన సినిమా గుర్తుచేసుకుంటారు. గడ్డం పెంచిన ఒక్కడు వచ్చి అందరినీ విడిపిస్తాడు. 2003 మే 20న వచ్చిన బఫీ చివరి ఎపిసోడ్ 'చోజెన్' దీనికి అడ్డం తిరుగుతుంది. తరానికి ఒక్కతికే శక్తి అన్న పాత నియమాన్ని బఫీ ఒప్పుకోదు. ఆ శక్తి అందాల్సిన ప్రతి ఆడపిల్లకూ పంచేస్తుంది. పెంతెకొస్తు దినాన మేడగదిలో అగ్ని ఒక్క పేతురు తల మీదే వాలలేదని మనకు గుర్తుండాలి. ప్రార్థన, పాట, లెక్కలు, మైకు అన్నీ అయ్యగారే చూసుకునే సంఘాలు కూడా ఇది వినాలి.

ఒక చేదు మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆడపిల్లల బలాన్ని చూపిన ఈ సీరియల్ సృష్టికర్త జాస్ వీడన్ తనను వేధించాడని, అధికారాన్ని దుర్వినియోగం చేశాడని అందులో నటించిన కరిష్మా కార్పెంటర్ 2021లో బహిరంగంగా చెప్పారు. తెర మీద న్యాయం రాయడం సులువు. పనిచోట చేయడమే కష్టం. ప్రసంగ వేదిక మీద న్యాయం మాట్లాడే మనకూ, ఈ పత్రిక నడిపే మాకూ అదే పరీక్ష.

ఇదంతా ఇప్పుడెందుకు? 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం 1,003 ఎకరాల్లో ఉన్న 13 సైనైడ్ దిబ్బల్లో మళ్లీ బంగారం తీసే ప్రతిపాదనకు సరేనంది. గాలికి ఆ దిబ్బల ధూళి మన కంచాల్లో పడుతూనే ఉంది. ఉద్యోగాలు వస్తే సంతోషమే. కానీ మళ్లీ ఎవరో మన గుమ్మం ముందు నిలబడి లోపలికి రమ్మంటారా అని అడుగుతున్నారు. ఈసారి పిలిచే ముందు అడగాలి. ధూళికి ఏం చేస్తారు? పనులు ఎవరికి? కార్మికుల ఇళ్ల మాటేమిటి?

అందుకే యువతకు ఒక చిన్న పని. ఈ ఆదివారం ఆరాధన తర్వాత గనిలో పనిచేసిన ఒక తాత దగ్గరకో, ఒక అవ్వ దగ్గరకో వెళ్లండి. వాళ్ల పేరు, దిగిన గని పేరు, పనిచేసిన ఏళ్లు, ఉన్న జబ్బు, రావలసిన బాకీ ఒక నోటుపుస్తకంలో రాయండి. రేపు ఎవరైనా మీరెవరని అడిగితే ఆ పుస్తకం తీసి చదువుదాం. అక్కడ మన పేర్లుంటాయి.

ఆ తర్వాత సీరియల్ చూసుకోండి. కడ్డీ మాత్రం గట్టిగా పట్టుకోండి.