వాయించేవాళ్లు అక్కర్లేదట!

సినిమాలకు సంగీతం చేయాలని హైదరాబాదు బస్సెక్కిన కుర్రాణ్ణి ఎవరినైనా ఆపి, నీ దగ్గరేముందని అడగండి. ల్యాప్‌టాప్ ఉందంటాడు. ఒళ్లో పట్టేంత మిడి కీబోర్డు, మంచి హెడ్‌ఫోన్లు, ఎక్కడెక్కడి నుంచో పోగేసిన శాంపిల్ లైబ్రరీలు, ముప్పై నలభై ట్యూన్లు కూడా ఉన్నాయంటాడు. ఇంకేం కావాలయ్యా అంటే, "ఒక్క డైరెక్టర్ దొరికితే చాలండీ" అంటాడు. మరి వాయించేవాళ్లో? ఆ ప్రశ్నకి మనవైపు జాలిగా చూస్తాడు. "ఈ రోజుల్లో వాళ్లతో పనేంటండీ? అన్నీ ఇందులోనే ఉన్నాయి కదా. పెద్ద సినిమా వచ్చినప్పుడు చూసుకుందాం."

ఈ మాట ఆ కుర్రాడి సొంతం కాదు. కృష్ణానగర్ టీకొట్ల దగ్గర అందరూ అనేదే. యూసుఫ్‌గూడ మేడమీది గదుల్లో, యూట్యూబ్ పాఠాల్లో రోజూ వినపడేదే. ముందు అవకాశం రావాలి, తర్వాత డబ్బు రావాలి, ఆ తర్వాత కావాలంటే మనుషుల్ని పెట్టుకోవచ్చు. ఇదీ వాళ్లు చెప్పే వరస. ఈ వరస తలకిందులని నా వాదన. సినిమా సంగీతంలో కొత్తగా అడుగు పెట్టేవాడు మొట్టమొదట వెతుక్కోవలసింది దర్శకుణ్ణీ కాదు, నిర్మాతనీ కాదు. వాయించే నలుగురిని. జేబులో డబ్బు లేనివాడికే వాళ్ల అవసరం మరీ ఎక్కువ.

ల్యాప్‌టాప్ వాదానికి అందరూ పిలిచే సాక్షి ఏ.ఆర్. రెహమాన్. ఇంట్లో స్టూడియో పెట్టుకుని, 1992లో 'రోజా'తో దేశాన్ని ఊపేశాడు కదా, ఆయనకెవరున్నారు అంటారు. ఎవరున్నారో చూద్దాం. తండ్రి ఆర్.కె. శేఖర్ మలయాళ సినిమాలకు పనిచేసిన సంగీతకారుడు. ఆయన పోయేనాటికి రెహమాన్‌కు తొమ్మిదేళ్లు. ఆయన వాద్యాలను అద్దెకిచ్చి ఇల్లు నడిపారు. ఆ పిల్లవాడు చిన్నతనంలోనే కీబోర్డు పట్టుకుని రికార్డింగుల్లో కూర్చున్నాడు. మన రమేష్ నాయుడు దగ్గర వాయించాడు, ఇళయరాజా దగ్గర వాయించాడు, రాజ్-కోటి దగ్గర ఏళ్ల తరబడి వాయించాడు. 'రోజా' నాటికి మద్రాసులో ఎవరి వేలు ఏ తీగ మీద ఎలా పలుకుతుందో తెలిసిన మనిషాయన. పైగా, ఏ పాటలో వేణువు ఎవరిదో, గిటారు ఎవరిదో కేసెట్ అట్టల మీద అచ్చేయించిన సంగీత దర్శకుడు. 'బొంబాయి' థీమ్‌లోని ఆ వేణువు నవీన్ కుమార్‌దని మామూలు శ్రోతకు కూడా తెలిసింది అందుకే. ఆయన గదిని చూసి కంప్యూటర్ కొనుక్కున్నవాళ్లు ఆ గది వెనకున్న పదిహేనేళ్లను చూడలేదు.

తెలుగులో అయితే ఈ సంగతి ఇంకా స్పష్టం. చక్రవర్తి దగ్గర సహాయకులుగా పనిచేసి రాజ్-కోటి వచ్చారు. అదే గూటి నుంచి కీరవాణి వచ్చారు. మణిశర్మ కీరవాణి దగ్గరా, రాజ్-కోటి దగ్గరా కీబోర్డు వాయించి వచ్చారు. తమన్ మణిశర్మ దగ్గర వాయించిన డ్రమ్స్ కళాకారుడు. వీళ్లంతా పదిమందితో కలిసి వాయించి, తిట్లు తిని, ఒకరి తాళం ఇంకొకరు పట్టుకుని వచ్చినవాళ్లే. ఇంకా వెనక్కి పోతే, 1960ల చివర మద్రాసులో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నడిపిన పాటకచేరీ బృందం కనిపిస్తుంది. అందులో గిటారు, హార్మోనియం వాయించింది ఇళయరాజా. పక్కన గంగై అమరన్, భాస్కర్. అప్పటికి ఆ ముగ్గురిలో ఎవరికీ సినిమా లేదు. ఇళయరాజాకు మొదటి సినిమా 'అన్నక్కిళి' వచ్చింది 1976లో. అంటే ముందు జట్టు కుదిరింది, ఆ తర్వాతే సినిమా వచ్చింది.

ఇంకో సంగతి. తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చింది కదా. నటులొచ్చారు, కెమెరాలొచ్చాయి, ల్యాబులొచ్చాయి. పాటల రికార్డింగు మాత్రం చాలా ఏళ్లు కోడంబాక్కం, వడపళని వదిలి రానని మొరాయించింది. ఇక్కడ స్టూడియోలు లేక కాదు. వయొలిన్ల బృందం అక్కడుంది, నొటేషన్ చూసి ఒక్క ఊపున వాయించేవాళ్లు అక్కడున్నారు. హీరోని విమానంలో తెచ్చుకోవచ్చు, నలభై వయొలిన్లను రోజూ తెచ్చుకోలేం. అందుకని నిర్మాతే రైలెక్కి అటు వెళ్లాడు. ఈనాడైనా అంతే. పెట్టెలోనే అన్నీ ఉంటే, డబ్బున్న సినిమాలు బుడాపెస్ట్‌లోనో స్కోప్యేలోనో ఆర్కెస్ట్రాను గంటల లెక్కన మాట్లాడుకుని, ఇక్కడ కూర్చుని ఇంటర్నెట్‌లో వింటూ రికార్డు చేసుకోవడం ఎందుకు? ఆ పెద్ద సంగీత దర్శకుల దగ్గర ల్యాప్‌టాపులు లేకనా?

కిందటేడు మా స్నేహితుడి కొడుకు పద్దెనిమిది నిమిషాల షార్ట్ ఫిల్మ్‌కు సంగీతం చేసి, వినమని పిలిచాడు. మూడో అంతస్తు మీద రేకుల గది. అందులో ఓ పల్లెటూరి పెళ్లి సన్నివేశం ఉంది. దానికి లైబ్రరీలోంచి తీసిన నాదస్వరం పెట్టాడు. వినడానికి శుభ్రంగానే ఉంది, స్వరాలు ఎక్కడా తప్పలేదు. కానీ పెళ్లిలా లేదు, నగల దుకాణం ప్రకటనలా ఉంది. ఆ మాటే అన్నాను. వాడు చిన్నబుచ్చుకుని, "అయితే ఏం చేయమంటావు బాబాయ్?" అన్నాడు. మా వీధి గుడిలో వాయించే పెద్దాయన్ని, డోలు వాయించే ఆయన తమ్ముణ్ణి మర్నాడు మధ్యాహ్నం తీసుకొచ్చాను.

ఆయన సన్నాయి సంచిలోంచి తీయకుండా, ముందు బొమ్మ చూపించమన్నాడు. చూశాడు. "బాబూ, ఇది ఏ ఘట్టం?" అన్నాడు. "పెళ్లండీ" అన్నాడు మావాడు. "పెళ్లనేది తెలుస్తూనే ఉంది. పిల్ల మెడలో తాళి పడుతోంది కదా, అక్కడ పాటేమిటి? గట్టిమేళం పడాలి." మావాడు నావైపు చూశాడు. జీలకర్రా బెల్లానికీ, మాంగల్యధారణకీ, తలంబ్రాలకీ మేళం ఒకేలా ఉండదని వాడికి ఆ క్షణం దాకా తెలీదు. ఆ లైబ్రరీ చేసినవాళ్లకూ తెలిసి ఉండదు. రెల్లు పీకను పెదాల మధ్య తడుపుకుంటూ పెద్దాయన రెండో ప్రశ్న వేశాడు. "ఎంత శ్రుతి?" "ఎఫ్ అండీ." "అంటే నాలుగు. నాది రెండు. నేను ఎక్కలేను, నువ్వే దిగాలి."

కంప్యూటర్ గొప్పతనం అక్కడ కనిపించింది, కాదనను. మూడు అరమెట్లు దించడం వాడికి ఒక్క నొక్కు పని. కానీ అప్పటికే గాయని చేత పాడించి పెట్టుకున్న ఆలాపన దిగలేదు, దిగమంటే మగగొంతులా మూలిగింది. దాన్ని తీసి పారేయాల్సి వచ్చింది. వాద్యం శ్రుతి అడగకుండా ట్యూన్ కట్టినందుకు వాడు కట్టిన జరిమానా అది. గదిలో ఊదితే మైకు తట్టుకోలేక గరగరలాడింది. చివరికి ఆయన్ని మెట్ల మలుపులో నిలబెట్టి, మైకు తలుపు దగ్గర పెట్టాం. కింది వాటావాళ్లు ఎవరిదమ్మా పెళ్లి అంటూ పైకొచ్చారు. నలభై నిమిషాల్లో పని అయిపోయింది. అన్నదమ్ములిద్దరికీ కలిపి మూడు వేలు ఇచ్చాం. మావాడి హెడ్‌ఫోన్ల ధర అంతకు మూడింతలు.

అందుకే "డబ్బు లేదండీ" అనే మాట నా దగ్గర చెల్లదు. నలభై వయొలిన్లను పెట్టమని ఎవరూ అనడం లేదు. ఒక్క వయొలిన్ విద్వాంసుణ్ణి కూర్చోబెట్టి, అదే భాగాన్ని ఆరేడుసార్లు వేర్వేరుగా వాయింపించుకుని, అడుగున శాంపిల్ తీగలు పరుచుకుంటే చాలు. వినేవాడి చెవి మనిషినే పట్టుకుంటుంది, పెట్టె సంగతి దానికి గుర్తు రాదు. పెద్ద సినిమాకు గ్రాఫిక్స్ ఉంటాయి, స్టార్ ఉంటాడు, నేపథ్య సంగీతం కాస్త పలచబడినా గట్టెక్కుతుంది. చిన్న సినిమాకు అవేవీ ఉండవు. అక్కడ ఒక్క సన్నాయి, ఒక్క గొంతు మొత్తం బరువు మోస్తుంది. 2023లో వచ్చిన 'బలగం' చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే ఊళ్లకు ఊళ్లు తెర ముందు కూర్చుని ఏడ్చాయి. ఆ సినిమాకు సంగీతం భీమ్స్ సిసిరోలియో. ఆ చోట ఆయన గొప్పతనమల్లా ఆ ఇద్దరి గొంతులకు చోటివ్వడంలో ఉంది. సంగీత దర్శకుడి పనిలో సగం అదే.

వాద్యకారులంతా దేవుళ్లని నేననను. ఆలస్యంగా వచ్చేవాళ్లున్నారు. కొత్త కుర్రాడి ఫోన్ ఎత్తనివాళ్లున్నారు. యూనియన్ కార్డు, కాల్‌షీట్ లెక్క చెప్పి భయపెట్టేవాళ్లూ ఉన్నారు. అయితే కొత్తవాడికి మనుషులు దొరకకపోవడంలో ఎక్కువ తప్పు మన పెద్ద సంగీత దర్శకులది, నిర్మాతలది. సినిమా చివర తెర మీద ఎక్కే పేర్లు చదవండి. జనరేటర్ బండి నడిపినాయన పేరుంటుంది, భోజనాలు వండినవాళ్ల పేరుంటుంది. ఉండాలి కూడా. హాలంతా నిశ్శబ్దమైన చోట వేణువు ఊదినాయన పేరు మాత్రం వెతకండి. చాలా సినిమాల్లో దొరకదు. ఆ వేణువు నచ్చి, ఆయన్నే పిలుద్దామనుకున్న కొత్తవాడు ఎవరిని అడగాలి? 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, సంగీత దర్శకుడికీ పాట రాసినవాడికీ రాయల్టీని వదులుకోవడానికి వీల్లేని హక్కుగా చేశారు. సంతోషం. వాయించినవాడు మాత్రం ఇప్పటికీ ఆ పూట కవరుతోనే ఇంటికి పోతున్నాడు. పేరూ లేక, ఆపై రాబడీ లేక, కొడుకుని ఈ పనిలో పెట్టడం మానేశాడు. ఆ తర్వాత మనమే మనుషులు దొరకడం లేదు, ల్యాప్‌టాపే గతి అంటున్నాం. బాగుంది.

నిజానికి మనుషులు మన చుట్టూనే ఉన్నారు. కోస్తాలో ఏ చర్చికైనా ఆదివారం పొద్దున వెళ్లండి. కీబోర్డు, ప్యాడ్స్, గిటారు, తబలా వాయించే ఇరవయ్యేళ్ల పిల్లలుంటారు. ఏ స్వరంలో పాట ఎత్తినా వెంటనే అందుకుంటారు. పాట మధ్యలో పాస్టరు గారు శ్రుతి మార్చినా తడబడరు. సినిమా పనికి ఇంతకన్నా తర్ఫీదు ఏం కావాలి? విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. ఘంటసాల వారాలు చేసుకుని చదివింది అక్కడే. విజయవాడలో ఆ ఘంటసాల పేరుతోనే కళాశాల ఉంది. హైదరాబాదు రామ్‌కోటిలో త్యాగరాజ కళాశాల ఉంది. తిరుపతిలో దేవస్థానం వాళ్లు నాదస్వరం, డోలు నేర్పుతున్నారు. ఆకాశవాణిలో రిటైరైన నిలయ విద్వాంసులను అడిగితే పాఠంతో పాటు కాఫీ కూడా ఇస్తారు. పెళ్లిళ్ల బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదేవాడు మూఢంలో పని లేక ఖాళీగా కూర్చుంటాడు. వీళ్లలో ఒక్కరి నంబరు కూడా లేనివాడి ఫోన్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ల నంబర్లు నూట యాభై ఉంటాయి. వాళ్లలో ఎవరికి సినిమా వస్తుందో వాళ్లకే తెలీదు.

ఇప్పుడు కొత్తగా, మాట చెబితే పాట కట్టి ఇచ్చే ఏఐ వచ్చింది. సునో లాంటిదాన్ని అడిగితే అరనిమిషంలో పల్లవీ చరణం వస్తాయి. ల్యాప్‌టాపే చాలన్న కుర్రాళ్లు ఇప్పుడు దీన్ని చూసి భయపడుతున్నారు. భయపడాల్సిందే. మనిషి అక్కర్లేదన్న వాదం మొదలుపెట్టింది వాళ్లే. నిర్మాత ఆ వాదాన్ని ఇంకొక్క మెట్టు ఎక్కించి, ఈ కుర్రాడు మాత్రం ఎందుకు అంటున్నాడు, అంతే. సన్నాయికి సరిపడా శ్రుతి మార్చి, డోలు వాయించే తమ్ముడికి సైగ చేసి, మెట్ల మలుపులో మైకు పెట్టించిన సంగీత దర్శకుణ్ణి మాత్రం అంత తేలిగ్గా తీసెయ్యలేడు.

కాబట్టి బాబూ, వచ్చే నెల నీకో షార్ట్ ఫిల్మ్ ఉందనుకో. ఈ సాయంత్రం మీ వీధి గుడికి వెళ్లు. సన్నాయి ఊదే పెద్దాయన హారతి అయ్యాక ఖాళీగానే ఉంటాడు. ఆయన శ్రుతి ఎంతో అడిగి రాసుకో, ట్యూన్ ఆ తర్వాత కట్టు. రికార్డింగు రోజున కవరు వాయించక ముందే చేతిలో పెట్టు. సినిమా చివర ఆయన పేరు వేసేటప్పుడు ఇంటిపేరు సరిగ్గా కనుక్కో.