తొలి బువ్వలో ఇనుమేది?

సోమవారం రాజన్న దర్శనం, కోడె మొక్కు. మంగళవారం బద్ది పోచమ్మకు బోనం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ వచ్చే చాలా కుటుంబాలది ఇదే వరుస. పోచమ్మకు యాటనో కోడినో కోసి వండుకుంటారు. కార్జం ముందే వేయించి పెద్దలకు పెడతారు. మొక్కు ఎవరి పేరిట తీరిందో ఆ పసిబిడ్డకు మాత్రం పాలలో ముంచిన బిస్కెట్టే. కూర అరగదని నానమ్మ భయం. ఆ భయం ప్రేమలోంచి పుట్టిందే. కానీ ఆ కార్జంలోని ఇనుము అవసరం అక్కడున్న అందరికన్నా బిడ్డకే ఎక్కువ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. 2015-16లో అది 60.7 శాతం. ఇంతగా మాంసం తినే రాష్ట్రంలో ఈ పెరుగుదలకు పేదరికం ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను.

కడుపులో ఉండగా తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము బిడ్డకు సుమారు ఆరు నెలలు వస్తుంది. అదే సర్వేలో 57.6 శాతం మహిళలకు రక్తం తక్కువని తేలింది. అలాంటి తల్లుల బిడ్డలకు ఆ నిల్వ ఇంకా ముందే అయిపోవచ్చు. తల్లిపాలలోని ఇనుము బాగా ఒంటబడుతుంది గానీ, లీటరు పాలలో అర మిల్లీగ్రాము కూడా ఉండదు. ఆరో నెల దాటాక లోటును తిండే పూడ్చాలి. మనం పెట్టేదేమో పప్పు కట్టు, పాలబువ్వ. పప్పు మీది తేటలో పప్పే ఉండదు. గేదెపాలలో ఇనుము నామమాత్రం, పైగా పాలతో పొట్ట నిండిన బిడ్డ బువ్వ ముట్టదు. చాయ్ తాగిస్తే తిన్న ఇనుము కూడా సరిగా ఒంటబట్టదు. మెదడు వేగంగా ఎదిగే తొలి రెండేళ్లలో ఇనుము చాలక జరిగిన నష్టం తర్వాత ఎన్ని మందులు వాడినా పూర్తిగా తీరకపోవచ్చు.

అంగన్‌వాడీ ఇచ్చే గుడ్డు మంచి ఆహారమే, కానీ అందులోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. బాలామృతం నెలకు రెండున్నర కిలోలు వస్తుంది. ఇంటిల్లిపాదీ లడ్డూలు చేసుకుంటే బిడ్డ వాటా ఎంత? ఆరు నెలలు నిండినప్పటి నుంచే మాంసం, చేప, గుడ్డు వంటివి రోజూ పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. కారం వేయకుండా మెత్తగా ఉడికించి నూరిన కార్జం వారానికోసారి ఒక చెంచాడు చాలు. అందులో విటమిన్-ఎ ఎక్కువ, రోజూ వద్దు. మిగతా రోజుల్లో ఖీమానో కోడికూరనో బువ్వలో మెదపొచ్చు. మాంసం ముట్టని ఇళ్లలో చిక్కటి పప్పు, తోటకూరలో నిమ్మరసం పిండితే ఇనుము మెరుగ్గా ఒంటబడుతుంది.

అనీమియా ముక్త్ భారత్ పథకం కింద ఈ పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఉచితంగా ఇవ్వాలి. దొడ్డికి నల్లగా అవుతోందని బెదిరి ఆపేసే తల్లులున్నారు. అది మందు వల్లేనని, భయం లేదని సీసా చేతికిచ్చేటప్పుడే చెప్పాలి.

సిరిసిల్లలో, కోరుట్లలో తల్లి బీడీలు చుడుతుంటే బిడ్డకు బువ్వ తినిపించేది చాలాసార్లు నానమ్మో అమ్మమ్మో. మన పోషణ పాఠాలన్నీ మాత్రం తల్లికే. తొమ్మిదో నెల తట్టు టీకాకు దాదాపు ప్రతి బిడ్డా వస్తుంది. ఆ రోజు నానమ్మనూ పిలిపించి, ఏం పెడుతున్నారో ఏఎన్‌ఎం అడగాలి. అంగన్‌వాడీలో అన్నప్రాసన చేసేటప్పుడు మాంసం తినే ఇళ్ల బిడ్డలకు పాయసంతో పాటు మెదిపిన కార్జం ముద్ద కూడా పెట్టి చూపించాలి. దానికయ్యే కొద్దిపాటి ఖర్చును ప్రభుత్వం అంగన్‌వాడీ బడ్జెట్‌లోనే ఇవ్వాలి.