బిళ్ళ ఊడాలి, రంగు ఊడకూడదు

మా పక్కింటివారు ఒక వేసవిలో పాతకారు కొన్నారు. ఎర్రని కారు. చూడటానికి ముచ్చటగానే వుంది గాని, వెనక డిక్కీ మీద దాన్ని అమ్మిన దుకాణం పేరు తళతళలాడే ప్లాస్టిక్ అక్షరాలతో అంటించి వుంది. మొత్తం ఏడు అక్షరాలు.

"కారు మనదైతే పేరు వాళ్ళదేమిటి?" అనుకొన్నాడు ఆ యింటి కుర్రవాడు. వాడు ఏడో తరగతి. నాన్నతో చెప్పకుండా, పెన్సిలు చెక్కుకొనే బ్లేడు తెచ్చి, మొదటి అక్షరం కిందికి దూర్చి పైకి మీటాడు. అక్షరం ఊడింది. దానితోబాటు చిటికెనవేలి గోరంత రంగు కూడా ఊడి, లోపలి రేకు బయటపడింది!

వాడు భయపడి ఎవరికీ చెప్పలేదు. వానలు వచ్చాయి. ఆ గోరంత చోటు గోధుమరంగుకు తిరిగింది. అప్పుడు నా దగ్గిరికి పరిగెత్తుకు వచ్చి, "ఇంకా ఆరు అక్షరాలున్నాయి. ఏం చెయ్యను?" అన్నాడు.

కారుకు రంగు వేసేది అందానికి మాత్రమే కాదు. గాలీ, నీరూ కలిసి ఇనుమును తాకితే తుప్పు పడుతుంది. ఆ రెంటినీ రేకు దగ్గిరికి రానివ్వకుండా కాపలా కాసేది రంగే. ఈ కాపలావాడు ఎంత లావుంటాడో తెలుసా? అడుగుపూత, రంగుపూత, పైన మెరుగుపూత — అన్నీ కలిపినా ఒక మిల్లీమీటరులో సుమారు పదోవంతు. అంటే మీ నోటుపుస్తకంలో ఒక్క కాగితమంత మందం! బ్లేడుకు అదొక లెక్కా?

"మరి జిగురు వదలదే!" అన్నాడు కుర్రవాడు.

"మీ మామ్మ పనసకాయ కోసేటప్పుడు ముందుగా ఏం చేస్తుంది?" అని అడిగాను.

"చేతులకూ, కత్తికీ నూనె రాసుకొంటుంది."

"ఎందుకు?"

"పనసజిగురు అంటుకోకుండా. అంటుకొన్నా నీళ్ళతో పోదు, నూనెతో పోతుంది."

జవాబు వాడి నోటనే వచ్చింది. కారు అక్షరాల వెనక వుండేది రెండువైపులా జిగురు పూసిన పలచని మెత్తని పట్టీ. ఈ జిగురు చాలా పొడుగైన అణువులతో తయారవుతుంది. అవి చిక్కుపడిన నూలుపోగుల్లా ఒకదాన్నొకటి పెనవేసుకొని వుంటాయి. చలికి బిగుసుకొంటాయి, వేడికి సడలుతాయి. నీరు ఆ పోగుల మధ్యకు దూరలేదు. నూనె మెల్లగా దూరి వాటిని విడదీస్తుంది. కనక జిగురుకు కావలసింది బలం కాదు. వేడీ, నూనే, కాస్త ఓపికా.

మరునాడు వాళ్ళ పెద్దన్నయ్యను కూడా పిలిచి పని మొదలుపెట్టాం. మొదట ఆ చోటును సబ్బునీళ్ళతో కడిగాం. ఇసుకరేణువు రంగుకన్న గట్టిది. దాన్ని వుంచి రుద్దితే గీతలు పడతాయి. తరవాత అన్నయ్య గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డను అక్షరాల మీద కప్పాడు. చెయ్యి ఓర్చుకోగలిగిన వేడి చాలు. మరిగే నీళ్ళు పనికిరావు. జుట్టు ఆరబెట్టుకొనే హెయిర్ డ్రయ్యర్ వున్నవారు దాన్ని ఒకేచోట నిలపకుండా ఆడిస్తూ వేడి చెయ్యవచ్చు.

జిగురు మెత్తబడ్డాక, గాలానికి కట్టే నైలాను దారాన్ని అక్షరం వెనక్కు పోనిచ్చి, రెండు కొసలూ పట్టుకొని రంపంలా అటూ యిటూ లాగాం. దారం మెత్తని పట్టీనే కోస్తుంది, రంగు జోలికి పోదు. ఒక్కొక్క అక్షరమే చేతిలోకి వచ్చింది. (కొన్ని బిళ్ళలకు వెనక చిన్న మేకులుండి రేకు రంధ్రాల్లోకి దిగి వుంటాయి. దారం మధ్యలో ఆగితే బలవంతం చెయ్యకండి.)

మిగిలిన జిగురును బొటనవేలితో ఉండలుచుట్టి తీశాం. చివరి మరకకు కొబ్బరినూనె రాసి, పావుగంట ఆగి, మెత్తని నూలుగుడ్డతో తుడిచి, సబ్బునీళ్ళతో కడిగాం. పెట్రోలూ, థిన్నరూ ముట్టుకోలేదు. పెట్రోలు నిప్పు తెస్తుంది. థిన్నరు పుట్టిందే రంగును పలచబరచటానికి. జిగురేదో, రంగేదో దానికి తెలియదు!

మన కుర్రవాడికి వచ్చిన చిక్కే ఒకప్పుడు అమెరికాలో పెద్దవాళ్ళకు కూడా వచ్చింది. 1920ల్లో కార్లకు రెండు రంగులు వెయ్యటం వేడుకగా వుండేది. ఒక రంగు వేసి, ఆరాక, దానిమీద కాగితం అంటించి, రెండో రంగు వేసేవారు. కాగితం లాగితే కింది రంగు కూడా ఊడివచ్చేది. పనివాళ్ళు విసుక్కొనేవారు. గరుకుకాగితం చేసే త్రీ ఎమ్ కంపెనీలో పనిచేసే రిచర్డ్ డ్రూ అనే యువకుడు అది చూశాడు. పాటుపడి 1925లో, అంటుకోవలసినంతే అంటుకొని, లాగితే రంగును వదిలేసే కాగితపు పట్టీ తయారుచేశాడు. ఇప్పటికీ రంగులు వేసేవారు వాడే మాస్కింగ్ టేపు అదే.

అక్షరాలైతే పోయాయి గాని, వాటి నీడలు మిగిలాయి! అక్షరాల కింద రంగు కొత్తగా మెరుస్తున్నది. చుట్టూ వున్నది ఎండకు వెలిసిపోయింది. దానికి నూనె మందు కాదు. మొదటి అక్షరం చోట తుప్పు మచ్చ మాత్రం అట్లాగే వున్నది. కుర్రవాడు దానివంక కాసేపు చూసి, తనే వెళ్ళి నాన్నను పిలుచుకువచ్చి జరిగింది చెప్పాడు. ఆయన కోప్పడలేదు. "ముందే చెబితే వానకు ముందే పూత పెట్టించేవాణ్ణి గదరా!" అన్నాడు. ఆ వారంలోనే తుప్పు గీకించి పూత వేయించారు.

మీరూ ఒక పరీక్ష చెయ్యండి. ప్లాస్టిక్ చీటీ ఊడదీసిన గాజుసీసా మీద జిగురు మరకను రెండు భాగాలుగా అనుకొని, ఒకదానికి నీళ్ళూ, ఒకదానికి కొబ్బరినూనే రాసి, పావుగంట ఆగి గుడ్డతో తుడవండి. ఏది ముందు పోయిందో మాకు రాయండి. కారు జోలికి మాత్రం పెద్దవాళ్ళు పక్కన వుంటేనే వెళ్ళండి!