తాతగారి కారుకు తుప్పు వదిలిద్దాం!

షెడ్డులో ఓ మూల, టార్పాలిన్ కింద పాత ప్రీమియర్ పద్మిని. తాతగారు ముచ్చటపడి కొన్నది. నాన్న డ్రైవింగ్ నేర్చుకున్నది. ఏటా భోగికి షెడ్డు సర్దినప్పుడల్లా ఇంట్లో దాని మీద ఒకటే చర్చ.

‘ఏవండీ, పాత ఇనుప కొట్టుకి వేసేద్దాం. చోటన్నా కలిసొస్తుంది’ అంటుంది ఇల్లాలు.

‘నేనుండగా అది కుదరదమ్మా’ అంటారు పెద్దాయన.

మనవడేమో టార్పాలిన్ ఎత్తి చూస్తాడు. ‘ఇదేం పెద్ద పని కాదు తాతయ్యా. కాస్త లప్పం పెట్టి రంగేస్తే కొత్తదైపోతుంది’ అని తేల్చేస్తాడు.

పాత కారున్న చాలా ఇళ్లలో కథ ఇలాగే మొదలవుతుంది. ఆ ‘కాస్త లప్పం’తోనే చాలా కార్ల కథ ముగుస్తుంది కూడా!

పైన పటారం... లోన లొటారం

ఇనుముకి గాలి, తేమ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పుగాలి తోడైతే ఆ పని మరింత వేగంగా సాగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి ఊళ్లలో పాత కార్లు త్వరగా చివికిపోయేది అందుకే. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద బుడగలు తేలడానికి కారణం అదే. బయట శనగగింజంత బుడగ కనిపించిందంటే లోపల రూపాయి బిళ్లంత మేర రేకు పాడై ఉండొచ్చు.

దాని మీద లప్పం పులిమితే తుప్పు చావదు, దాక్కుంటుంది. లప్పం నీటిని పీల్చుకుంటుంది కాబట్టి తుప్పుకి తేమ అందుతూనే ఉంటుంది. ఒకట్రెండు వానాకాలాలు గడిచేసరికి అదే చోట మళ్లీ బుడగ... ఈసారి వేలు పెడితే చిల్లు!

అసలు ప్రమాదం ఇంకోటుంది. లారీకి ఉన్నట్టు పద్మినికీ, అంబాసిడర్‌కీ కింద విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే కారుకి ఎముకల గూడు. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి సాగే పెట్టెలాంటి రేకు భాగాలు కారు బరువును మోస్తాయి. అవి చివికిపోతే పైన ఎంత మెరుగు పెట్టినా ఏం లాభం? ప్రమాదంలో ఆ కారు లోపలున్నవాళ్లను కాపాడలేదు. అందుకే రంగు డబ్బా కొనేముందు కారు పరిస్థితి తెలుసుకోవాలి.

అయస్కాంతంతో పరీక్ష

ఇందుకు పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఫ్రిజ్ తలుపుకి అంటించే చిన్న అయస్కాంతం చాలు. దాన్ని పల్చటి గుడ్డలో చుట్టి కారు మీద మెల్లగా జరపాలి. రేకున్నచోట పట్టుకుంటుంది. లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. పాత కారు కొనాలనుకునేవాళ్లకూ ఈ చిట్కా పనికొస్తుంది.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో అనుమానం ఉన్నచోటల్లా తట్టి చూడాలి. మంచి రేకు ఖంగుమంటుంది. పుచ్చింది బొద్దుగా మోగుతుంది. కాళ్లకింద మ్యాట్లు తీసి ఫ్లోరు, డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట, బ్యాటరీ అడుగు, తలుపుల కింది అంచులు, అద్దాల రబ్బరు మూలలు, మడ్‌గార్డుల లోపలి భాగం తప్పకుండా చూడాలి. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి. మట్టితో అవి పూడుకుపోయి ఉంటే, తుప్పు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలిసిపోయినట్టే! నీళ్లు వచ్చే దారి మూయకుండా తుప్పు వదిలిస్తే చేసిన పనంతా వృథా.

మెరిసేదాకా గీకాల్సిందే

పైపైన పట్టిన తుప్పును ఇంట్లోనే వదిలించుకోవచ్చు. ముందు బ్యాటరీ తీగలు విప్పేయాలి. వైరు బ్రష్షుతో పెచ్చులు రాల్చి, ముతక గరుకు కాగితంతో మొదలుపెట్టి మెత్తని దాంతో ముగించాలి. చుట్టూ ఉన్న మంచి రంగును కూడా ఓ అంగుళం మేర తీసేసి, రేకు తెల్లగా మెరిసేదాకా ఆగకూడదు. ఓపిక పరీక్షించే ఘట్టం ఇదే!

పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. కాబట్టి రంగును తడిపి రుద్దడం మంచిది. ముక్కుకి మాస్కు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు. రుద్దిన మడ్డిని మొక్కల్లో పారబోయకూడదు. పని కాగానే రేకును తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి.

సన్నటి గుంటల్లో మిగిలే మచ్చలకు తుప్పును మార్చే ద్రావణాలు దొరుకుతాయి. కొన్నింట్లో ఫాస్ఫారిక్ ఆమ్లం, కొన్నింట్లో టానిక్ ఆమ్లం ఉంటుంది. రెండోది తుప్పుతో కలిసి నల్లటి పొరగా మారుతుంది. ఈ రసాయనం మనకు కొత్తేం కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో నానబెట్టి, కరక్కాయ పట్టించిన బట్ట మీద గీస్తే వచ్చే నలుపు ఇలాంటిదే! ద్రావణం వాడాక డబ్బా మీద చెప్పినట్టు శుభ్రం చేసి ఆరబెట్టాలి.

తోమిన రేకును రాత్రంతా వదిలేయకూడదు. గాలిలో తేమ ఉంటే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. ఆరోజే ఎపాక్సీ ప్రైమర్ వేసేయాలి. అందుకే ఈ పనికి వానాకాలం పనికిరాదు. సంక్రాంతి వెళ్లాక మొదలుపెడితే మేలు.

లప్పం చెడ్డదేం కాదు. ప్రైమర్ మీద, చిన్న సొట్టల్ని చదును చేయడానికి, రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా వాడితే మంచిదే. చిల్లు పూడ్చడానికే వాడకూడదు. దీన్ని మాత్రం పొడిగానే రుద్దాలి. హార్డెనర్ కలిపి స్ప్రే చేసే రంగుల ఆవిరి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఆ పనిని షెడ్డున్న పెయింటర్‌కి వదిలేయడం క్షేమం.

ఇక్కడ ఆగిపోండి!

స్క్రూడ్రైవర్ మొన గుచ్చితే లోపలికి దిగిపోయిందా? తలుపుల కింది పెట్టె భాగాలు, స్ప్రింగులు బిగించేచోట, జాకీ పెట్టేచోట, సీటు బోల్టుల దగ్గర ఇలా జరిగితే అది ఇంటి పని కాదు. మంచి టింకర్ దగ్గరికి వెళ్లాల్సిందే. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కిందికి దూరడం, పెట్రోలు ట్యాంకు దగ్గర వెల్డింగ్ పెట్టడం ప్రాణాల మీదకు తెచ్చుకోవడమే.

అనుభవమున్న టింకర్ పుచ్చిన మేర కత్తిరించి అంతే మందం రేకు అతుకుతాడు. పాత రేకు మీదే కొత్తది కప్పితే మధ్యలో నీరు చేరి తుప్పు మళ్లీ మొదలవుతుంది. కారును సమంగా నిలబెట్టి ఒక వైపు పూర్తయ్యాకే రెండోది ముట్టుకుంటాడు. లేదంటే బాడీ కుంగి తలుపులు సరిగా పడవు. బేరం కుదుర్చుకునేటప్పుడే ‘లప్పం పెట్టేముందు ఓసారి నాకు చూపించన్నా’ అని చెప్పి ఉంచడం మంచిది. లోపలి పని కళ్లారా చూసే అవకాశం అప్పుడే!

యాభై దాటితే గౌరవం

ఇంత కష్టం దేనికీ అంటే... ఈ కార్లు మళ్లీ తయారుకావు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ముంబయి చివరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. 2021లో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన సొంత వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము రూ.20,000. అలా నమోదైన కారును రోజువారీ తిరగడానికి వాడకూడదు. బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదన్నదీ షరతే. అంటే అసలు రేకును వీలైనంత నిలబెట్టుకున్నవాళ్లకే ఆ గౌరవం దక్కుతుంది.

పని పూర్తయ్యాక టార్పాలిన్ మళ్లీ కప్పారో... కథ మొదటికే! ప్లాస్టిక్ పట్టా తేమను లోపలే బంధిస్తుంది. గాలాడే గుడ్డ కవరు వేసి, నెలకోసారి తలుపులు తెరిచి, తాతగారిని ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరు చుట్టి రండి. కారుకీ మంచిదే... ఆయనకీ మంచిదే!