అడవి మృగములలో మన పాలెంత?

నంద్యాలనుండి గాని ఆళ్లగడ్డనుండి గాని తూర్పుదిక్కునకు జూచినచో నల్లమల కొండలు కన్పట్టును. ఆ యడవిలో దుప్పులును కణుజులును మెండుగ నున్నవి గనుక, ఉచ్చులొడ్డి నాలుగింటిని పట్టిన నష్టమేమని కొందఱందురు. ఆ మాట సరికాదని మా యభిప్రాయము.

లెక్క చూతము. పెద్దపులి సగటున వారమునకొక పెద్ద జంతువును, అనగా ఏటికి సుమారు 50 జంతువులను చంపి తినును. మంద తఱుగకుండ అది తీసికొనగలది దాదాపు పదియవ వంతు. కావున నొక్క పులి బ్రదుకుటకు 500 జంతువులు కావలయును. అందు సగమును మనుష్యుడు హరించినను దుప్పిజాతి నిలువవచ్చును గాని పులి నిలువదు. ఆకలిగొన్న పులి ఊరి పశువులపై బడును. పశువును గోల్పోయిన రైతు కళేబరమున విషము పెట్టును. ఇట్లు దుప్పులు కన్పట్టుచుండగనే పులి నశించును.

1914-18 మహాయుద్ధకాలమున ఆడ్రియాటిక్ సముద్రమున చేపల వేట తగ్గగా, బజారునకు వచ్చిన చేపలలో సొరచేపల వంటి వేటాడు జాతుల పాలు పెరిగెను. దీని కారణమును వోల్టెర్రా యను ఇటలీ గణితశాస్త్రజ్ఞుడు 1926లో వివరించెను. ఎరను, వేటాడు ప్రాణిని సమముగ పట్టినను తఱుగునది వేటాడు ప్రాణియే.

మఱియొక సాక్ష్యము మన చేరువనే కలదు. నందికొట్కూరు సమీపమున రోళ్లపాడులో బట్టమేక పిట్టకొఱకు 1988లో అభయారణ్య మేర్పడెను. ఆ పక్షి సాధారణముగ ఏటికొక్క గ్రుడ్డే పెట్టును. అట్టి జాతికి కొద్ది నష్టమైనను పూడదు. వేటయు, పచ్చికబీళ్లు దున్నబడుటయు దానిని క్షీణింపజేసెను; నేడచ్చట నది దాదాపు కానరాదు.

అడవిపందులు పైరును పాడుచేయగా రైతు పడు దుఃఖము నిజమే. అతనికి నష్టపరిహారము సకాలమున నందవలయును. కాని పందికై పన్నిన తీగ పులి కాలికిని తగులును.

1972 చట్టము వేటను నిషేధించినది. అయినను చట్టము ప్రతి పొదను కావలి కాయజాలదు. కొనువారుండుటచేతనే ఉచ్చు వేయువారున్నారు. మానవుడు సృష్టికి యజమానుడు గాడనియు, గృహనిర్వాహకుడు మాత్రమే యనియు మనము నేర్చుకొనుచున్నాము. కావున అడవిమాంసము మన యింటి పొయ్యిపై కెక్కరాదని విద్యార్థులును తలిదండ్రులును నిశ్చయించుకొందురు గాక!